ఏడో కుర్చీ

కూర్చోగానే కుర్చీ తిరుగుతుంది. రెండు వరసల్లో పద్నాలుగు కుర్చీలు. కాళ్ళు నేలకి బిగించేశారు గానీ, కూర్చున్నాక అటూ ఇటూ తిరుగుతాయి. నాది ముందు వరసలో చివరిది, ఏడోది. అక్కణ్ణించి సాక్షి బోనుకి ఎనిమిది అడుగులుంటుందేమో. సాక్షి గుటక మింగితే గొంతు కదలడం కూడా కనిపిస్తుంది.

న్యూజెర్సీలో ఒక కౌంటీ కోర్టు, మూడో అంతస్తు. అక్టోబరు నెల, మంగళవారం, పొద్దున్న తొమ్మిదిన్నర. నిన్నంతా జ్యూరీ ఎంపికతోనే సరిపోయింది. పొద్దున్న హాలు నిండా ఉన్న జనం సాయంత్రానికి పద్నాలుగు మందిమి మిగిలాం. చివరికి తీర్పు చెప్పేది పన్నెండు మందే. మిగిలిన ఇద్దరూ ఎవరన్నది వాదనలన్నీ అయ్యాక చీటీ తీసి తేలుస్తారట. కాబట్టి అందరం చివరిదాకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని వినాల్సిందే. నాకు పౌరసత్వం వచ్చి ఆరేళ్ళు. జ్యూరీ సమన్లు రావడం రెండోసారి, ఇలా కుర్చీలో కూర్చోవడం మొదటిసారి.

షెరీఫ్ ఆఫీసరు ఒకావిడ తలా ఒక నోటుబుక్కూ పెన్సిలూ ఇస్తోంది. నా నోటుబుక్కు అట్ట మీద 7 అని ఉంది. ఇంటికి తీసుకెళ్ళకూడదు, సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి. జడ్జి గారు నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెబుతున్నారు. ఈ కేసు గురించి ఎవరితోనూ మాట్లాడొద్దు. ఇంట్లోవాళ్ళతో వద్దు, మీలో మీరు కూడా వద్దు. ఫోనులో వెతకొద్దు, ఆ చోటికి వెళ్ళి చూడొద్దు. నోట్సు రాసుకోవచ్చు. కానీ అవి మీ జ్ఞాపకానికి ఊతమే, జ్ఞాపకానికి బదులు కాదు.

నోటుబుక్కు తెరుస్తాను. తెల్ల కాయితం. పైన మంగళవారం అని తెలుగులో రాస్తాను. ఇక్కడే ఒక తప్పు చేశాను. అది బయటపడటానికి వారం పట్టింది.

ప్రాసిక్యూటరు లేస్తుంది. మంచి కథకురాలు ఆవిడ. మొదటి వాక్యానికే గది చల్లబడిపోతుంది. ఫిబ్రవరి రాత్రి, రెండు గంటలు, హైవే పక్కన గ్యాస్ స్టేషన్. న్యూజెర్సీలో ఎవరి కారుకి వాళ్ళు పెట్రోలు కొట్టుకోకూడదు. 1949 నుంచీ చట్టం అలాగే ఉంది. అందుకే ఎంత రాత్రయినా, ఎంత మంచు పడుతున్నా పంపు దగ్గర ఒక మనిషి ఉండాల్సిందే. ఆ రాత్రి ఉన్నవాడు మనదేశపు కుర్రాడు. హీటరు పెట్టుకుని చిన్న గదిలో కూర్చున్నాడు. కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. చేతిలో కత్తి. మణికట్టు దగ్గర కాలిన మచ్చ. ఆ మచ్చ సంగతి మీరు అతని నోటే వింటారు, అంటుంది.

రాసుకుంటాను: కుడి చెయ్యి. మణికట్టు దగ్గర కాలిన మచ్చ.

తర్వాత డిఫెన్స్ లాయరు మాట్లాడతాడు. ఏం మాట్లాడాడో ఇప్పుడు గుర్తు చేసుకోమంటే అతని దగ్గు ఒక్కటే గుర్తొస్తుంది.

పదకొండు దాటాక ఆ కుర్రాడు బోనెక్కుతాడు. పాతికేళ్ళుంటాయేమో. కోటు భుజాలు దాటి కిందికి జారుతోంది, ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టుంది. పక్కన దుబాసీ. జడ్జి గారు మా వైపు తిరిగి ఇంకో మాట చెబుతారు. మీలో ఎవరికైనా హిందీ వచ్చినా సరే, దుబాసీ ఇంగ్లీషులో చెప్పిందే సాక్ష్యం, అందరూ ఆ ఇంగ్లీషే లెక్కలోకి తీసుకోవాలి. న్యాయంగానే ఉంది. పన్నెండు మందీ ఒకే మాట వినాలి కదా. కానీ నేను హైదరాబాదులో పదకొండేళ్ళు ఉద్యోగం చేశాను. కళ్ళయితే మూసుకోగలను, చెవుల్ని ఏం చెయ్యను?

కుర్రాడు బోను అంచుని రెండు చేతులా పట్టుకుని మాట్లాడుతున్నాడు. కత్తి పిడికి నల్ల టేపు చుట్టి ఉందట. టేపు కొస ఊడిపోయి వేలాడుతోందట. చెయ్యి వణుకుతోందట. మీ చెయ్యా, అతని చెయ్యా అని ప్రాసిక్యూటరు అడుగుతుంది. అతనిదే, అంటాడు. మొహమో? టోపీ కళ్ళదాకా లాక్కున్నాడు, నోటికి గుడ్డ అడ్డం ఉంది. కళ్ళూ ముక్కూ చూశాను. ఎంతసేపు? ఒక నిమిషం. కాదు, రెండు. మళ్ళీ కాసేపాగి, తెలియదు.

“ఆ మనిషి ఈ గదిలో ఉన్నాడా?”

నా కుర్చీ తిరగడం ఆగిపోతుంది. కుర్రాడు వేలు చూపిస్తాడు. డిఫెన్స్ బల్ల దగ్గర నీలం చొక్కా వేసుకున్న మనిషి కదలడు. కుర్రాడు చిన్న గొంతుతో ఏదో అంటాడు. నా చెవిన పడిన మాట ‘లగ్తా హై’. అనిపిస్తోంది, అని. దాని వెంటే దుబాసీ గొంతు, స్పష్టంగా, ఇంగ్లీషులో: ఇతనే.

నేను పెన్సిలు ఎత్తను. ఆ హిందీ మాట నాది కాదు, నేను వినకూడనిది. కానీ ఆ రాత్రి ఇంట్లో గిన్నెలు కడుగుతుంటే, మర్నాడు పొద్దున్న కారు నడుపుతుంటే అదే మాట. లగ్తా హై. లగ్తా హై.

బుధవారం డిటెక్టివ్. దొంగతనం జరిగిన ఆరువారాలకి కుర్రాడికి ఆరు ఫొటోలు చూపించారట, ఒకదాని తర్వాత ఒకటి. చూపించిన ఆఫీసరుకి ఆ ఆరుగురిలో అనుమానితుడెవరో తెలియదు. తెలిస్తే కనుబొమ్మ కదిలినా చాలు, సాక్షికి అర్థమైపోతుంది. 2001లో అమెరికాలో మొట్టమొదట ఈ జాగ్రత్త రాష్ట్రమంతటా పెట్టింది న్యూజెర్సీయేనని తర్వాత చదివాను. నాలుగో ఫొటో దగ్గర కుర్రాడు ఆగాడు. ఎంత నమ్మకం అంటే ఎనభై శాతం అన్నాడు.

అప్పుడు తెర మీదకి ఒక ఫొటో వస్తుంది, ముద్దాయి కుడి చెయ్యి. మణికట్టు పైన కాలిన మచ్చ, రూపాయి బిళ్ళంత, అంచులు ముడతలు పడి మెరుస్తోంది. తెర పెద్దది, చెయ్యి మనిషంత ఉంది. దాన్ని తీసెయ్యడం మర్చిపోయారో ఏమో, నాలుగైదు ప్రశ్నలయ్యేదాకా అలాగే ఉంది. పద్నాలుగు మందిమీ దాన్నే చూస్తూ కూర్చున్నాం.

అదే మధ్యాహ్నం డిటెక్టివ్ ఏదో చెబుతూ చెబుతూ, “అతను మాకు ముందే తెలుసు” అనేస్తాడు. డిఫెన్స్ లాయరు ఒక్క ఉదుటున లేస్తాడు. ఆబ్జెక్షన్. జడ్జి గారు ఒప్పుకుని మాతో అంటారు, ఆ మాట మీరు విననట్టే లెక్క, మనసులోంచి తీసెయ్యండి.

మనసులోంచి తీసెయ్యడమా? 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు కొందర్ని కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దన్నాడు. తలపుకి వచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. 1994లో హోలిన్ జాన్సన్, కొలీన్ సైఫర్ట్ చేసిన ప్రయోగం ఇంకా దగ్గరి సంగతి. ఒక గోడౌనులో మంటలు చెలరేగిన వార్త ముక్కలు ముక్కలుగా చదివించారు. మొదట్లో, అలమరాలో ఆయిల్ పెయింట్లూ గ్యాస్ సిలిండర్లూ ఉన్నాయన్నారు. తర్వాత, పొరబాటు, ఆ అలమరా ఖాళీ అన్నారు. చదివినవాళ్ళకి ఆ దిద్దుబాటు గుర్తుంది. అయినా నల్లటి పొగ ఎందుకొచ్చిందని అడిగితే పెయింట్ల వల్లేనని చెప్పినవాళ్ళున్నారు. ఖాళీ అలమరాలో వాళ్ళకి పెయింట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

ఇవన్నీ తీర్పు అయ్యాక చదివినవి. ఆ బుధవారం నాకు తెలిసిందల్లా ఒకటే. నీలం చొక్కా మనిషిని ఆ మాట తర్వాత చూసిన చూపు వేరు.

రాత్రి రాజమండ్రి నుంచి నాన్న ఫోను. అక్కడ తెల్లారి కాఫీ తాగుతున్నారు. ఒక లాయరు గారి దగ్గర ముప్ఫై ఏళ్ళు గుమస్తాగా చేశారాయన. కేసేమిటో చెప్పకూడదు నాన్నా, అంటే వెంటనే అర్థం చేసుకున్నారు.

“చెప్పొద్దులేమ్మా. నాకొకటి చెప్పు చాలు. సాక్షి చెప్పింది మీకు కాయితం మీద ఇస్తారా?”

“ఇవ్వరు నాన్నా.”

“మరి?”

“వినడమే.”

కాసేపు మాట్లాడలేదు. మన కోర్టుల్లో సాక్షి చెప్పింది జడ్జి ఎదుటే రాస్తారు, చదివి వినిపిస్తారు, సాక్షి సంతకం పెడతాడు. ఆర్నెల్ల తర్వాత తీర్పు రాసేటప్పుడు జడ్జి ఆ కాయితం తీసి వాక్యం వాక్యం చూసుకుంటారు. నాన్న బతుకంతా ఆ కాయితాల మధ్యే గడిచింది. “చెవుల మీద ఆధారపడి మనిషికి జైలా?” అన్నారు చివరికి.

ఆ తర్వాత ఆయన నానావతి కేసులోకి వెళ్ళిపోయారు. వెళ్తారని నాకు తెలుసు. 1959 బొంబాయి. నేవీ కమాండరు నానావతి, భార్య ప్రియుడు ప్రేమ్ అహూజాని కాల్చి చంపిన కేసు. బ్లిట్జ్ పత్రిక వారం వారం అతన్ని ఆకాశానికెత్తింది. జ్యూరీలో కూర్చున్న తొమ్మిది మందీ ఆ ఊళ్ళో బతుకుతున్నవాళ్ళే. ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. సెషన్స్ జడ్జి ఆ తీర్పుని ఒప్పుకోక హైకోర్టుకి పంపారు. హైకోర్టు యావజ్జీవం వేసింది. 1961 నవంబరులో దాన్ని ఖాయం చేస్తూ సుప్రీంకోర్టు తీర్పు రాసింది కోకా సుబ్బారావు గారు. “మన ఊరాయనే” అని నాన్న ఎన్నోసారో మళ్ళీ చెప్పారు. ప్రమాదవశాత్తూ పేలిందని ముద్దాయి అన్నప్పుడు దాన్ని రుజువు చెయ్యాల్సిన బరువు ఎవరిది అన్నది జ్యూరీకి సరిగ్గా విడమరిచి చెప్పలేదని ఆ తీర్పులో పట్టుకున్నారు. ఆ కేసు వల్లే మనదేశంలో జ్యూరీ పోయిందంటారు గానీ, అంతకుముందే 1958లో లా కమిషన్ తీసెయ్యమని చెప్పింది. 1973 నాటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే లేకుండా పోయింది.

“జాగ్రత్తగా వినమ్మా” అని ఫోను పెట్టేశారు.

గురువారం డిఫెన్స్ సాక్షులు ఇద్దరు. శుక్రవారం కోర్టు లేదు. శని, ఆదివారాలు సెలవు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కేసుని లోపల మోశాను. చదువుకునే రోజుల్లో పాఠం మర్చిపోకుండా ఉండటానికి ఏం చేసేవాళ్ళం? పక్కవాళ్ళకి అప్పచెప్పేవాళ్ళం. జ్యూరర్‌కి ఆ వీలు లేదు. 1885లో హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపుల్ని తనే బట్టీపట్టి, తనే అప్పచెప్పుకుని, మరుపు ఎలా నడుస్తుందో గీత గీశాడు. గీత మొదట్లో నిలువునా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అసలు నష్టం మొదటి గంటల్లోనే జరిగిపోతుంది.

మరుపు ఒక్కటే అయితే భయం లేదు. ఖాళీ ఖాళీగా కనిపిస్తే ఖాళీ అని తెలుస్తుంది. మనసు ఖాళీని ఉండనివ్వదు, ఏదో ఒకటి తెచ్చి కుట్టేస్తుంది. కోర్టులో సంగతులు వరసగా రావు. రాత్రి రెండు గంటల సంగతి మంగళవారం, ఆరువారాల తర్వాతి ఫొటోల సంగతి బుధవారం, ఆ రాత్రికి ముందు సాయంత్రం సంగతి గురువారం. వినేవాళ్ళే కథగా పేర్చుకోవాలి. జ్యూరర్లు చేసేది ఇదేనని నాన్సీ పెనింగ్‌టన్, రీడ్ హేస్టీ ఏళ్ళ తరబడి పరిశోధించి చూపించారు. 1988 నాటి ప్రయోగంలో వాళ్ళు ఒకే కేసుని, అవే వాక్యాలని రెండు రకాలుగా వినిపించారు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం కథ నడిచిన వరసలో, డిఫెన్స్ సాక్ష్యం సాక్షులు వచ్చిన వరసలో వింటే 78 శాతం మంది దోషి అన్నారు. అటుదిటూ ఇటుదటూ చేస్తే 31 శాతమే దోషి అన్నారు. సాక్ష్యంలో ఒక్క మాట మారలేదు, వరస మారింది. ఒక మనిషి జైలుకి వెళ్ళడమో ఇంటికి వెళ్ళడమో ఆ వరసలో ఉంది. ఈ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం ముగింపు వాదనలు. డిఫెన్స్ లాయరు మా ముందుకి వచ్చి నిలబడతాడు. ప్రాసిక్యూటరు గారు మీకో మచ్చ వినిపిస్తామన్నారు, ఆ కుర్రాడు మచ్చ మాటే ఎత్తలేదు, అంటాడు. మా వరసలో కదలిక. నాలుగో కుర్చీ నర్సు అడ్డంగా తల ఊపుతోంది. ప్రాసిక్యూటరు తన వంతు వచ్చినప్పుడు ఆ జోలికి పోకుండా, ఆ చేతి ఫొటో మళ్ళీ తెర మీద పెడుతుంది. మీరేం విన్నారో మీకు తెలుసు, అంటుంది.

మధ్యాహ్నం జడ్జి గారు చట్టం చదివి వినిపిస్తారు. గంటా పావు. అందులో ఒక భాగం వెనక ఈ రాష్ట్రపు కథ ఒకటి ఉంది. 2011లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు స్టేట్ వర్సెస్ హెండర్సన్ కేసులో, కంటితో చూసిన సాక్ష్యం మీద ముప్ఫై ఏళ్ళ పరిశోధనంతా తెప్పించుకుని పరిశీలించింది. ఆ మరుసటి ఏడు నుంచి జడ్జీలు జ్యూరీకి ఈ సంగతులు చెప్పి తీరాలి. మనిషి జ్ఞాపకం వీడియో కాదు, కావలసినప్పుడు వెనక్కి తిప్పి చూసుకోవడానికి. భయంలో ఉన్నవాడు మొహాన్ని సరిగ్గా పట్టుకోలేకపోవచ్చు. ఆయుధం ఉంటే చూపు దాని మీదికే పోతుంది. వెలుతురు, దూరం, చూసిన వ్యవధి, గడిచిన కాలం, వేరే జాతివాళ్ళ మొహాల్ని గుర్తుపట్టడంలో వచ్చే తడబాటు, ఒక్కోటీ చదువుతున్నారు. నాకు టేపు కొస వేలాడుతున్న కత్తి పిడి కళ్ళముందు కదులుతోంది. అవునవును, కుర్రాడు కత్తినే చూశాడు, అనుకుంటున్నాను.

తర్వాత ఆయన నీళ్ళు తాగి, కాయితం తిప్పి, అదే గొంతుతో ఇంకో వాక్యం చదివారు. సాక్షి ఏమన్నాడన్న విషయంలో లాయర్లు చెప్పేదీ మీకు గుర్తున్నదీ వేరయితే, మీ జ్ఞాపకమే ప్రమాణం.

అక్కడ ఆగి ఎవరైనా మా మొహాలు చూడాల్సింది. సాక్షి జ్ఞాపకం వీడియో కాదన్నారు. మాది? మేమూ భయపడ్డాం, అలిసిపోయాం, మా చూపూ ఒకే చోట అతుక్కుపోయింది, మాకూ ఆరురోజులు గడిచాయి. ఆ సంగతి ఆ గంటంపావులో ఒక్క వాక్యంలో కూడా లేదు. ఉండాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

చీటీలు తీశారు. అయిదో కుర్చీ, పదమూడో కుర్చీ పక్కకి వెళ్ళాయి. నేను ఉన్నాను.

జ్యూరీ గదిలో పొడుగాటి బల్ల, ఒక కిటికీ, చల్లారిన కాఫీ. మొదటి కుర్చీలో కూర్చున్న స్కూలు బస్సు డ్రైవరు, రిటైరయిన పెద్దావిడ, మా పెద్ద. మొదటి ఓటు: ఏడుగురు దోషి, అయిదుగురు కాదు. నేను కాదన్న అయిదుగురిలో ఉన్నాను. కారణం ఎవరితోనూ అనలేదు. లగ్తా హై.

మచ్చ దగ్గర మాటామాటా పెరిగింది.

“అతను చెప్పాడు. నా చెవులారా విన్నాను” అంది నర్సు. “చెబుతూ తన మణికట్టు ఇలా రుద్దుకున్నాడు.” తన మణికట్టు రుద్దుకుని చూపించింది. ఆవిడ కళ్ళల్లో అబద్ధం లేదు. ఇంకో ముగ్గురు, అవునవును, రుద్దుకున్నాడు, అన్నారు.

“చెప్పలేదు” అన్నాడు పదో కుర్చీ, గోడౌనులో పనిచేసే కుర్రాడు.

నేను నోటుబుక్కు తెరిచాను. మంగళవారం పేజీ. మొదటి వాక్యమే. నాకు ఇబ్బందే అయినా చదవక తప్పదు. “నా దగ్గర రాసి ఉంది. కుడి చెయ్యి, మణికట్టు దగ్గర కాలిన మచ్చ.”

గది మారిపోయింది. రాసి ఉందంటే రాసి ఉన్నట్టే. కాదన్నవాళ్ళలో ఇద్దరు అటు వెళ్ళిపోయారు. తొమ్మిది, మూడు. నర్సు నా చేతి మీద చెయ్యి వేసి థాంక్యూ అంది.

పదో కుర్చీ కుర్రాడు మాత్రం నా పేజీని తలకిందులుగా చూస్తున్నాడు. ఆ అక్షరాలు అతనికి తెలియవు. “ఇది ఎప్పుడు రాశావు?” అన్నాడు. “ఆవిడ చెప్పినప్పుడా, అతను చెప్పినప్పుడా?”

చూశాను. మంగళవారం. దాని కింద మచ్చ. దాని కింద నల్ల టేపు. మధ్యలో గీత లేదు, పేరు లేదు. ఏం విన్నానో రాశాను, ఎవరి నోట విన్నానో రాయలేదు. నోటుబుక్కు తెరిచిన మొదటి నిమిషంలో చేసిన తప్పు అదే.

జడ్జి గారికి చీటీ రాసి పంపించాం. కుర్రాడి సాక్ష్యం మొత్తం మళ్ళీ వినాలి.

కోర్టు హాల్లో రికార్డింగు పెట్టారు. బోను ఖాళీగా ఉంది, స్పీకర్లోంచి గొంతు వస్తోంది. యాభై రెండు నిమిషాలు. అందరం నేల చూస్తూ వింటున్నాం. టేపు వచ్చింది. కొస వేలాడటం వచ్చింది. చెయ్యి వణకడం వచ్చింది. నర్సు ముందుకి వంగింది. ఇక్కడే, ఇప్పుడే, అన్నట్టుంది ఆవిడ మెడ. ప్రాసిక్యూటరు తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. మచ్చ రాలేదు. క్రాస్ ఎగ్జామినేషన్లోనూ రాలేదు. యాభై రెండు నిమిషాల్లో ఒక్కసారి కూడా ఆ మాట లేదు.

నా విజయం లోపల్లోపల మొదలయిన క్షణం అది. ఆ తర్వాతే ఆ ప్రశ్న. ఆ మనిషి ఈ గదిలో ఉన్నాడా? నేను ఊపిరి బిగబట్టాను.

“యహీ హై.” స్పష్టంగా. ఇతనే. దాని వెంట దుబాసీ, ఇతనే.

లగ్తా హై లేదు. చిన్న గొంతు కూడా కాదు. తడబాటు లేదు. రికార్డింగు సాగిపోతోంది, నేను ఇంకా అక్కడే ఉన్నాను. ఎక్కడో తెగిందేమో, మళ్ళీ వస్తుందేమో అని చూస్తున్నాను. వచ్చింది. పావుగంట తర్వాత. అప్పుడు టైమెంత అని డిఫెన్స్ లాయరు అడిగాడు. “దో బజే... లగ్తా హై.”

రెండయి ఉంటుందనుకుంటా. ఆ మాట అక్కడిది. దాన్ని నేనే పెకిలించి తెచ్చి ఇక్కడ నాటుకున్నాను. వారం రోజులు నీళ్ళు పోశాను. నీలం చొక్కా మనిషిని వదిలెయ్యడానికి నాకున్న ఒకే ఒక్క కారణం అది. వినకూడని మాట అని తెలిసీ, అదీ నేను అల్లిన మాట.

1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ కొందరికి కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి, కార్లు ‘గుద్దుకున్నప్పుడు’ వేగమెంత అని కొందర్నీ, ‘తుక్కుతుక్కయినప్పుడు’ ఎంత అని కొందర్నీ అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దాలు చూశారా అంటే, మొదటి రకం ప్రశ్న విన్న యాభై మందిలో ఏడుగురు, రెండో రకం విన్న యాభై మందిలో పదహారుగురు చూశామన్నారు. ఫిల్ములో అద్దం పగలనే లేదు. ఆ పదహారుగురిలో ఎవరైనా అబద్ధమాడారని నేననుకోను. నర్సు ఆడిందని అంతకన్నా అనుకోను.

మళ్ళీ గదిలోకి వచ్చాం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

“రుద్దుకున్నాడు” అంది నర్సు, మెల్లగా. “నాకిప్పటికీ కనిపిస్తోంది.”

పెద్దావిడ లేచి కిటికీ తెరిచింది. నేను నా సంగతి చెప్పాను. హిందీ మాట గురించి, వినకూడదని తెలిసీ దాని మీద ఓటు వేసిన సంగతి, అది అక్కడ లేకపోవడం. నా గొంతు వణికింది. నర్సు విని, తన కాఫీ నా వైపు జరిపింది.

అప్పుడు పదో కుర్చీ కుర్రాడు అన్నాడు, “టేపు కొస చూసినవాడికి మచ్చ ఎందుకు కనబడలేదు?”

పన్నెండు మందిమీ ఫొటో తెప్పించుకుని బల్ల మీద పెట్టుకున్నాం. పిడి పట్టుకునే చెయ్యి. పిడికి రెండంగుళాల పైన, రూపాయి బిళ్ళంత మచ్చ. వేలాడే టేపు కొసని, వణికే చేతిని చూసిన కళ్ళు దీన్ని దాటి వెళ్ళాయా? చొక్కా చెయ్యి కప్పి ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు. ఎవరూ అడగలేదు, మేము అడగడానికి వీల్లేదు. వారమంతా దోషి అనిపించిన మచ్చే ఇప్పుడు అనుమానమై కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి తీర్పు. నాట్ గిల్టీ. పన్నెండు మందిమీ. నీలం చొక్కా మనిషి ఆ రోజు తెల్ల చొక్కాలో ఉన్నాడు. బల్ల మీద తల పెట్టుకున్నాడు. అతను చేశాడో లేదో నాకు తెలియదు. ఫిబ్రవరి రాత్రి ఎవరో ఒకరు ఆ కుర్రాడి గొంతు దాకా కత్తి తెచ్చారు. అది మాత్రం నిజం. అతని కోసం గదంతా చూశాను. రాలేదు. పనికి వెళ్ళి ఉంటాడు.

ఆఫీసరు అట్టపెట్టెతో వచ్చింది. నోటుబుక్కులన్నీ ముక్కలు చేసేస్తారట. ఏడో నంబరుది అందులో వేశాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన టీ పెట్టి ఉన్నారు.

“ఇప్పుడైనా చెప్తావా?”

చెప్పొచ్చు. వారం రోజుల తర్వాత మొదటిసారి. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు, కథ దానంతటదే వచ్చేసింది. ఫిబ్రవరి రాత్రి, రెండు గంటలు, గ్యాస్ స్టేషన్, హీటరు పక్కన కుర్రాడు. కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది.

“ఎలాంటి చెయ్యి?” అన్నారాయన, కప్పు అందిస్తూ.

నాకు కనిపిస్తోంది. కుడి చెయ్యి. నల్ల టేపు చుట్టిన పిడి, వేలాడే కొస. చెయ్యి వణుకుతోంది. మణికట్టు దగ్గర మచ్చ మెరుస్తోంది.